అరచేతికి వినిపించే కట్టె

హైదరాబాద్,
ఆదివారం

బాపుకు, అవ్వకు మీ బిడ్డ సరిత కాళ్లకు మొక్కి రాస్తున్నది.

నేను బాగున్నాను. పోయినసారి ఫోన్లో అవ్వ విన్న దగ్గు తగ్గిపోయింది, మళ్లీ రాలేదు. నిజంగానే రాలేదు. మీరు ఎలా ఉన్నారు? అవ్వా, మోకాలి మాత్రలు అన్నం తిన్నాక వేసుకుంటున్నావా, లేక ఎప్పటిలాగే టీ తాగి వేసుకుని కడుపులో మంట అంటున్నావా? బాపూ, ఫస్టు షిఫ్టుకు వెళ్లేటప్పుడు తలకు తువ్వాల కట్టుకో. ఇప్పుడు నీది గని పైన ల్యాంపు రూములో కూర్చునే పనే అయినా సైకిలు మీద పొద్దుటి గాలి తగులుతుంది.

రజియక్కా, పక్కింటి నుంచి వచ్చి నువ్వు చదివి పెడుతున్నావన్న ధైర్యంతోనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. బాపు కుడిచెవి వైపు కూర్చుని చదువు. ఎడమవైపు కూర్చుంటే అన్నిటికీ తల ఊపుతాడు కాని ఒక్క మాటా వినపడదు. ఫోన్లో అయితే నేను ఏమడిగినా "మంచిగున్న బిడ్డా" అని అవ్వకు ఇచ్చేస్తాడు. మొన్న "ఏం కూర తిన్నవు బాపూ?" అంటే కూడా "మంచిగున్న బిడ్డా" అన్నాడు. అందుకే ఉత్తరం. ఉత్తరమంటే పుస్తకంలో ఉన్నట్టు రాయాలని బాపు కోరిక కనుక అలాగే రాస్తున్నాను. మన ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కదా, ఆ మాట నిలబెట్టాలి.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. హాస్టల్లో నలుగురం ఒక గదిలో ఉంటాము. వారానికి మూడు రోజులు టమాటా పప్పు, మిగతా రోజులు టమాటా లేని పప్పు. వంటామె లచ్చమ్మక్క పాలమూరు మనిషి, నాకు అడుగు అన్నం మాడు గీకి పెడుతుంది. కడుపు నిండుతున్నది, ఫికర్ చేయకండి. ఇక్కడ బొగ్గు దుమ్ము లేదు, తీగ మీద ఆరేసిన తెల్ల చున్నీ సాయంత్రానికి కూడా తెల్లగానే ఉంటుంది. మొదట అది చూసి సంతోషపడ్డాను, ఇప్పుడు ఏదో తక్కువైనట్టు ఉంటుంది. ఇక్కడ సైరన్ మోగదు. అయినా ఫస్టు షిఫ్టు వేళకు మెలకువ వస్తుంది. మధ్యాహ్నం మన దగ్గర ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేసే వేళకు ఆఫీసులో నా చేయి దానంతట అదే నీళ్ల గ్లాసును పట్టుకుంటుంది. పక్కవాళ్లు నవ్వుతారు. గ్లాసు కదలదు. అప్పుడు ఇల్లు గుర్తొస్తుంది. కాని ఏడవడం లేదు. మొదటి నెల ఏడ్చాను, ఇప్పుడు లేదు.

ఇక నా పని సంగతి. మన క్వార్టర్ల లైన్లో ఎవరో "ఆటలు ఆడనికి గూడ జీతమిస్తరా?" అన్నారని, అవ్వ ఆ రాత్రి అన్నం తినలేదని రజియక్క చెప్పింది. అవ్వా, నేను ఆటలు ఆడను, ఆటలు తయారుచేసే చోట పనిచేస్తాను. మొదటి ఏడాది ఆటలో తప్పులు పట్టే పని చేశాను. మూడు నెలలుగా ఆట ఎలా నడవాలో ఆలోచించి రాసే పని చూస్తున్నాను. ఈ పని నాకు ఇంకా ఖాయం కాలేదు. వచ్చే ఆదివారం దాటాక బుధవారం నాడు బయటి నుంచి పది మందిని పిలిచి నేను రాసిన భాగాన్ని ఆడిస్తారు. వాళ్లకు నచ్చితే ఆ భాగం ఉంటుంది, నాకు పని ఖాయమవుతుంది. నచ్చకపోతే ఆ భాగం తీసేస్తారు, నేను మళ్లీ తప్పులు పట్టే బల్ల దగ్గరకు వెళతాను. ఉద్యోగం పోదు, భయపడకండి. కాని బాపూ, నేను ఆ బల్ల దగ్గరకు తిరిగి వెళ్లదలుచుకోలేదు.

ఆట ఏమిటంటే, ఒక మనిషి అడవిలో ఒంటరిగా చిక్కుకుంటాడు. చేతిలో ఏమీ ఉండదు. రాయి ఏరుకోవాలి, కట్టె కొట్టుకోవాలి, రెండూ కలిపి గొడ్డలి చేసుకోవాలి. గొడ్డలితో పెద్ద చెట్టు, దాంతో గుడిసె. చలి, ఆకలి, జ్వరం అన్నీ ఉంటాయి. చచ్చిపోకుండా రోజులు గడపాలి. చేసిన కొద్దీ చేతికి నేర్పు వస్తుంది, నేర్పు పెరిగితే ఇంకా మంచి వస్తువులు చేయవచ్చు. ఇలాంటి ఆటలన్నిటికీ ఇదే ప్రాణం.

మా ఆటలో ఆ నేర్పు ఎలా పెరిగేదంటే, ఒకే రాతిగొడ్డలిని యాభై సార్లు చేస్తే ఒక మెట్టు ఎక్కేవాడు. ఆడేవాళ్లు టీవీ చూస్తూ మీట నొక్కుతూ కూర్చునేవారు. యాభై గొడ్డళ్లు చేసి నలభై తొమ్మిది పారేసేవారు. తప్పులు పట్టే రోజుల్లో నేనూ అలా వందలు చేసి పారేశాను. ఒకరోజు మా టీమ్ లీడర్ వంశీ సార్‌తో ఉండబట్టలేక అన్నాను.

"సార్, మా బాపు బాయిలో టింబర్‌మన్, కప్పు కూలకుండ కట్టెలు నిలవెట్టేటోడు. ఒక్క కట్టెనే యాభై సార్లు కోసినవాణ్ని మా దగ్గర ఎవ్వరూ టింబర్‌మన్ అనరు."

ఆయన గుంటూరు వైపు మనిషి, మంచివాడే, కాని తొందర. "బాయి అంటే?" అన్నాడు.

"బొగ్గు గని సార్."

"చూడమ్మా సరితా, ఆడేవాడికి అంకె పెరగాలి. అంకె పెరక్కపోతే వాడికేం వచ్చిందో వాడికెలా తెలుస్తుంది?"

"పైకప్పు మీద పడకుంటే తెలుస్తది సార్" అన్నాను.

నోటికి వచ్చింది, అనేశాను. ఆయన "అయితే రాసి చూపించు. మూడు నెలలు" అన్నాడు. అలా వచ్చింది ఈ పని.

నేను రాసిన భాగంలో ఆ మనిషి అడవిలో ఒక పాత గనిని చూస్తాడు. చలికాలం అందులో తలదాచుకుంటే బతుకుతాడు. కాని లోపలికి వెళ్లాలంటే పైకప్పుకు ఊతగా కట్టెలు నిలబెట్టాలి. మీరు ప్రాప్ అంటారే, అవే. అంకెలు లేవు. ఒకే చోట ఎన్ని నిలబెట్టినా నేర్పు రాదు. కొత్త చోట, కొత్త కప్పు కింద నిలబెడితే వస్తుంది. నిలబెట్టింది పడిపోతే, పారిపోకుండా వెనక్కి వచ్చి ఎందుకు పడిందో చూస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. నేర్పు పెరిగితే ఏం లాభమంటే, కప్పు కూలేముందు కట్టె చేసే చప్పుడు ఇంకొంచెం ముందుగా వినిపిస్తుంది. కొత్తవాడికి చప్పుడు, కూలడం ఒకేసారి. నేర్చినవాడికి పది అడుగులు బయటికి నడిచేంత వ్యవధి. బాపూ, నువ్వు ఇనుప ప్రాప్‌ల కంటే కట్టెనే నమ్మేవాడివి కదా. "ఇనుము మూగది. కట్టె చెప్పి సస్తది" అనేవాడివి. ఆ ఒక్క మాట మీదే ఇదంతా కట్టాను.

పోయిన నెల మా ఆఫీసు వాళ్లకే మొదటిసారి ఆడించి చూపించాను. ఆ రోజు సంగతి చెప్పాలంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. ప్రతి కట్టే పడిపోయింది. కొలత కరెక్టుగా తీసి, అంగుళం తేడా లేకుండా కోసి నిలబెట్టినా, కప్పు కొంచెం కదలగానే కట్టె పక్కకు ఒరిగిపోయేది. చప్పుడు చేసే దాకా కూడా ఆగేది కాదు. ఆరుగురు ఆడారు, ఆరుగురూ గని వదిలేసి అడవిలోకి పోయారు. లెక్క రాసిన ఇమ్రాన్ తల పట్టుకున్నాడు. అతను పాతబస్తీ పిల్లాడు, ఆటలో చప్పుళ్లు, బరువులు, కదలికలు అతనే చూస్తాడు.

"అరె సరితా, నా లెక్క సహీ ఉన్నది. కట్టె ఎంత ఎత్తు చెప్పినవో అంతే పెట్టిన. నువ్వే ఏదో భూల్ గయీ, మర్చిపోయినవ్."

వంశీ సార్ కోప్పడలేదు. "మీ నాన్నగారు ఇలాగే చేసేవారా?" అని మాత్రం అడిగాడు. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. నువ్వు ఎలా చేసేవాడివో నాకు తెలియదు బాపూ. ఇరవై రెండేళ్లు టింబర్‌మన్ ఇంట్లో పెరిగి, ఒక కట్టె ఎలా నిలబడుతుందో నాకు తెలియదు. నువ్వు బాయి ముచ్చట ఇంటికి తేలేదు, నేను అడగలేదు.

జవాబు లచ్చమ్మక్క దగ్గర దొరికింది. హాస్టల్ వంటింట్లో సామాన్లు పెట్టే చెక్క అటక వానకు కుంగింది. కింద ఊతకు ఒక కర్ర పెట్టమంటే నేను టేపు తెచ్చి కొలిచి, సరిగ్గా కోయించి నిలబెట్టాను. మూడు సార్లు పడింది. మూడోసారి చారు గిన్నెలో పడింది. లచ్చమ్మక్క అటూ ఇటూ చూసి, ఆ కర్రను రెండు వేళ్ల మందం ఇంకా కోసేసింది.

"అక్కా! పొట్టి చేస్తివేంది?"

"గట్ల కొలిచి కోస్తె యాడ నిలవడ్తదే పిల్లా? బిగువు ఉండాలె గద!"

కర్ర తల మీద ఒక పలక చెక్క పెట్టింది, ఆ సందులో ఒక చీలికను దూర్చి రోకలిబండతో నాలుగు దెబ్బలు వేసింది. అటక కిర్రుమని పైకి లేచింది. కర్ర గోడలా బిగుసుకుంది. ఆ చీలికను చేత్తో తడిమి చూశాను. ఒక కొస మందం, ఒక కొస పలుచన. ఇలాంటివి మన ఇంట్లో ఎన్ని ఉండేవి! డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు నీ సద్ది సంచిలో రెండో మూడో ఉండేవి. విరిగినవి, నలిగినవి. అవ్వ వాటితో పొయ్యి అంటించేది. పొయ్యి జల్ది అంటుకోవాలని బాపు ఒక కొస సన్నగా చెక్కి తెస్తాడని నేను అనుకునేదాన్ని. అవి నువ్వు బాయిలో కట్టెలు బిగించినవని ఆ రోజు దాకా నాకు తెలియదు. రజియక్కా, అవ్వ మొహం చూడు, అవ్వ ఇప్పటికీ అదే అనుకుంటున్నదేమో.

మరునాడే తప్పు దిద్దాను. ఆటలో ఇప్పుడు కట్టెను పొట్టిగా కోయాలి, తల మీద పలక పెట్టాలి, చీలికను కొట్టి బిగించాలి. తక్కువ కొడితే వదులు, ఎక్కువ కొడితే చీలిక విరుగుతుంది. విరిగిన చీలికలతో నెగడు తొందరగా అంటుకుంటుంది. అది అవ్వ కోసం పెట్టాను.

ఇక చప్పుళ్లు. ఇమ్రాన్ ఒక కట్టెల అడితిలో రెండు రోజులు కూర్చుని రకరకాల కట్టెల మీద బరువు పెట్టి, అవి మూలిగేది, చిట్లేది రికార్డు చేసుకొచ్చాడు. చెవులకు పెట్టుకుని రెండుసార్లు విన్నాను. బాగుందని చెప్పబోయి ఆగిపోయాను. ఇది బాపుకు వినిపించాలి, ఇది నిజమో కాదో బాపే చెప్పాలి అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. కుడిచెవికి మాటలు వినపడతాయి కాని ఇంత సన్నటి చప్పుడు నీకు వినపడదు. ఆ చప్పుడు పట్టుకుని ఎంతమందిని బయటికి పంపావో తెలియదు, ఆ చెవులను డ్రిల్లు మోతకు బాయిలోనే పోగొట్టుకున్నావు. బాత్రూంలోకి వెళ్లి నల్లా తిప్పుకుని కాసేపు ఉన్నాను. ఏడవడం లేదని పైన రాశాను కదా, ఆ ఒక్కసారి తప్ప.

మొహం కడుక్కుని వచ్చేసరికి బ్లాస్టింగ్ వేళయింది. నా చేయి మళ్లీ గ్లాసు మీదకు పోయింది. ఈసారి నేను నవ్వుకోలేదు. చెవులు మందగించాక కూడా ఇంట్లో అందరికంటే ముందు "పేలింది" అనేది నువ్వే కదా! గిన్నెలు గలగలమనక ముందే అనేవాడివి. అవ్వ "నీకెట్ల వినవడ్డదయ్యా?" అంటే, గోడకు ఆనించిన అరచేయి చూపించేవాడివి. వానాకాలం ఇంటి స్లాబు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి చూసేటప్పుడు కూడా ఒక చేత్తో కొట్టి, రెండో చేయి గోడకు ఆనించేవాడివి. రజియక్క వాళ్ల నాయన "బాయిని ఇంటికి దెచ్చుకున్నవా మల్లన్నా?" అని నవ్వేవాడు. నువ్వు కూడా నవ్వేవాడివి, కాని చేయి తీసేవాడివి కాదు.

పరిగెత్తి వెళ్లి ఇమ్రాన్‌ను అడిగాను. ఆట ఆడేవాళ్లు రెండు చేతులతో పట్టుకునే ఒక వస్తువు ఉంటుంది, కంట్రోలర్ అంటారు. దెబ్బ తగిలితే అది వణుకుతుంది.

"దీన్ని మెల్లగా వణికించొచ్చా? ఉందా లేదా అన్నంత మెల్లగా?"

"వణికించొచ్చు. ఎందుకు?"

"చప్పుడు కంటే ముందు."

అతను కంట్రోలర్‌ను రెండు చేతుల్లోకి తీసుకుని "వల్లా!" అన్నాడు. ఇప్పుడు మా ఆటలో నేర్పు చివరి మెట్టు అదే. అక్కడికి చేరినవాడు కట్టె మీద అరచేయి పెడితే, ఇంకా ఏ చప్పుడూ పుట్టకముందే అతని చేతికి తెలుస్తుంది. వంశీ సార్ చీకట్లో హెడ్‌ఫోన్లు తీసేసి ఆడి చూశాడు. కట్టె వణకగానే కుర్చీలోంచి లేచి వెనక్కి జరిగాడు. నిజం కుర్చీలోంచే! "బుధవారం దాకా దీన్ని ముట్టుకోకు" అన్నాడు.

కాని నేను ముట్టుకుంటాను. వంశీ సార్‌కు బాయి తెలియదు, ఇమ్రాన్‌కు తెలియదు, నాకు అంతకంటే తెలియదు. ఆ వణుకు ఎంతసేపు ఉండాలి, ఆగి ఆగి వస్తుందా, పెరుగుతూ వస్తుందా, ఇదంతా ఊహించి పెట్టాను. ఇంతకు ముందు ఊహించి పెట్టింది చారు గిన్నెలో పడింది. కనుక వచ్చే శనివారం ఇంటికి వస్తున్నాను. రామగుండంలో దిగి షేర్ ఆటోలో వస్తాను, స్టేషనుకు ఎవరూ రావద్దు. ఆఫీసు అనుమతితో ల్యాప్‌టాప్, కంట్రోలర్ తెస్తున్నాను. ఆదివారం సాయంత్రం బండికి తిరిగి వెళ్లాలి. అవ్వా, రెండు సర్వపిండి రొట్టెలు చేసి పెట్టు, ఒకటి ఇమ్రాన్‌కు. పొయ్యి పక్క గూట్లో పాత చీలిక ఒక్కటైనా మిగిలి ఉంటే దాన్ని మాత్రం కాల్చకు, నాకు కావాలి.

బాపూ, వచ్చి చెప్పేదానికి ఉత్తరం ఎందుకంటే, ఎదురుగా అడిగితే నువ్వు "మంచిగున్నది బిడ్డా" అని లేచి కాళ్లు కడుక్కోవడానికి పోతావు. అలా అనకు. నేను ఇంటర్‌లో లెక్కలు ఫెయిలై రెండు రోజులు అన్నం తిననప్పుడు నువ్వు గడప మీద కూర్చుని ఒక ముచ్చట చెప్పావు. బాయి గురించి నువ్వు నాకు చెప్పింది అదొక్కటే, కనుక మాట పోకుండా గుర్తుంది.

"నేను మొదట నిలవెట్టిన కట్టెను నాకు పని నేర్పిన కనకయ్య తాత కాలుతోని తన్నిండు. పడ్డది. మళ్ల పెట్టిన, మళ్ల తన్నిండు. వారం దినాలు తన్నుడే. ఏడ్పచ్చింది. ఎనిమిదోనాడు తన్నిండు, పడలె. ఆయిన కాలికే దెబ్బ తాకింది. కుంటుకుంట నవ్వి, సద్ది గిన్నె దెచ్చుకోని దాని కిందనే కూసోని తిన్నడు. ఏమనలె. నేను టింబర్‌మన్ అయిన అని అప్పుడు ఎర్కైంది."

ఆ మరుసటి రోజే నేను సప్లిమెంటరీకి పుస్తకాలు తీశాను.

మా ఆటలో ఆ మనిషికి ఆకలేస్తే ఒక మీట నొక్కితే కూర్చుని తింటాడు. ఎక్కడ కూర్చోవాలో ఆడేవాడి ఇష్టం. కంట్రోలర్ నీ చేతుల్లో పెడతాను. కళ్లు మూసుకుని పట్టుకో. నేను నీ బిడ్డనని మరిచిపో, నీ దగ్గర పని నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన బదిలీ కూలి పిల్లననుకో. వణుకు అబద్ధమనిపిస్తే నా కట్టెను తన్ను. ఎన్నిసార్లైనా తన్ను, రాత్రంతా కూర్చుని దిద్దుతాను, పొద్దున మళ్లీ నిలబెడతాను. ఆదివారం బండి ఎక్కే లోపల ఏదో ఒకటి పడకుండా ఉంటుంది. అప్పుడు ఏమీ అనవద్దు. ఆ మీట ఎక్కడుందో చూపిస్తాను, దాని కింద కూర్చుని సద్ది తిను. నాకు అది చాలు, బుధవారం సంగతి నేను చూసుకుంటాను.

రజియక్కకు, వాళ్ల అమ్మకు సలాములు. లైన్లో పెద్దలందరికీ నా దండాలు. ఆటలకు జీతమిస్తారా అని అడిగినవాళ్లకు కూడా, వాళ్లు ఆదివారం వచ్చి చూడొచ్చు. మీ ఇద్దరి చేతులూ నా తల మీద ఉన్నాయనే అనుకుంటున్నాను.

మీ బిడ్డ,
సరిత